వాంతులు, విరేచనాలు, విడవని జ్వరం – పేషెంటు పక్కన ఉన్నవారు తెలుసుకోవలసినవి

విరేచనాలతో నీరసించిన మనిషిని వార్డులో మంచం మీద పడుకోబెట్టగానే వెంట వచ్చినవారు అడిగే మొదటి మాట, "సిస్టర్, బాటిల్ ఎప్పుడు పెడతరు?" అని. రెండో మాట, "ఏం తినిపియ్యొద్దు కదా?" అని. రెండు ప్రశ్నలూ ప్రేమతో అడిగేవే. కానీ సీసా ఎక్కితేనే వైద్యమని, కడుపు మాడ్చితేనే విరేచనాలు కడతాయని అనుకోవడం వల్ల ఇంటి దగ్గర ఒక పూటో రెండు పూటలో వృథాగా పోతున్నాయి. షాద్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ళ నుండి, కొత్తూరు వైపు కంపెనీల్లో పని చేసేవారి గదుల నుండి ఆస్పత్రికి చేరేసరికే కొందరికి కళ్ళు గుంటలు పడి, నాడి సరిగ్గా అందకుండా ఉంటుంది. వారిలో చాలామందిని ఆ స్థితికి తెచ్చేది ఒంట్లోని నీళ్ళు, ఉప్పు పోవడమే. ఆ నష్టాన్ని ఇంట్లోనే పూడ్చవచ్చు.

ఈ పేజీలు పేషెంటు కోసం రాసినవి కావు. ఆయనకు ఇప్పుడు చదివే ఓపిక ఉండదు. గ్లాసు పట్టుకుని పక్కన కూర్చునేది మీరు, రేపు ఇంటికి తీసుకువెళ్ళి చూసుకునేదీ మీరే.

క్రిములు కడుపులోకి ఎలా చేరతాయి

బాక్టీరియా అంటే కంటికి కనబడని సూక్ష్మజీవులు. అన్నీ చెడ్డవి కావు. మన పెద్దపేగులో లెక్కలేనన్ని బాక్టీరియా మనం పుట్టిన నాటి నుండీ కాపురం ఉంటాయి. తిన్నది జీర్ణం కావడానికి సాయపడతాయి, చెడ్డ క్రిములకు చోటు దొరకనివ్వవు. దేవుడు ఏర్పాటు చేసిన ఈ కాపలా గురించి మందుల సంగతి వచ్చినప్పుడు మళ్ళీ చెబుతాను.

జబ్బు చేసే బాక్టీరియా కొన్నే. కలరా క్రిమి, టైఫాయిడ్ క్రిమి, రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా, కోళ్ళలోనూ గుడ్ల మీదా ఉండే సాల్మొనెల్లా జాతి క్రిములు, ఇ-కొలైలో కొన్ని రకాలు. చెప్పడానికి మొహమాటంగా ఉన్నా ఉన్న మాట చెప్పాలి. వీటిలో ఎక్కువ భాగం ఒకరి మలం నుండి మరొకరి నోటికి చేరేవే. నీళ్ళ ద్వారా, చేతుల ద్వారా, ఈగల ద్వారా, కోసి పెట్టిన పండ్ల ద్వారా, చల్లటి రసంలో వేసే ఐసు ద్వారా చేరతాయి.

నీళ్ళు తేటగా ఉన్నాయి, వాసన లేదు, ఇంకేం భయం అనుకునేవారికి మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. 2009 మే నెలలో హైదరాబాద్‌లోని ముషీరాబాద్ ప్రాంతం, భోలక్‌పూర్‌లో నల్లా నీళ్ళు తాగినవారికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఇరుకు గల్లీలు, తోళ్ళ గోదాములు, పాత సామాను వ్యాపారాలు ఉన్న పేట అది. మంచినీళ్ళ పైపులోకి మురుగు చేరింది. వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు, పది మందికి పైగా చనిపోయారు. పరీక్షల్లో కలరా క్రిమి బయటపడింది. మన తాతలు "గత్తర" అని భయపడిన జబ్బు అదే. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని పాతకాలం వాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖాన అనడం కూడా ఆ రోజుల గుర్తే. అంటుజబ్బు వచ్చినవారిని విడిగా ఉంచే క్వారంటైన్ అన్న మాట జనం నోట కోరంటి అయింది.

పైపులోకి మురుగు ఎలా వస్తుందని అడుగుతారు. నీళ్ళు వదిలినప్పుడు పైపు నిండా ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిన్న చిల్లు ఉన్నా నీరు బయటికే చిమ్ముతుంది. నీళ్ళు ఆపేశాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు ఆ చిల్లు పక్కన మోరీ నీళ్ళు నిలిచి ఉంటే వాటిని లోపలికి పీలుస్తుంది. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగేవారు ఈ పీల్చుడును ఇంకా పెంచుతున్నారు. పక్కింటివారికి నీళ్ళు తగ్గించడమే కాదు, తమ బిందెలోకి మోరీని కూడా తెచ్చుకుంటున్నారు. నల్లా వచ్చినప్పుడు మొదటి కొద్ది నిమిషాల నీళ్ళు తాగడానికి పట్టకండి. బోరు నీళ్ళయినా బావి నీళ్ళయినా, పక్కన సెప్టిక్ ట్యాంకు ఉంటే తేటదనాన్ని నమ్మకండి.

ఒంట్లో నీళ్ళు ఎందుకు అంతగా పోతాయి

కలరా క్రిమి పేగును కొరికి తినదు, పుండు కూడా చేయదు. పేగు గోడను పట్టుకుని ఒక విషం వదులుతుంది. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అనే డాక్టరుగారు కుందేళ్ళ పేగులలో ఈ సంగతి నిరూపించారు. ఆ విషం తగిలిన పేగు గోడ తన లోపలి ఉప్పును, దాని వెంట నీటిని ఆపకుండా బయటికి పోస్తూనే ఉంటుంది. నల్లా తిప్పి వదిలేసినట్టే. బియ్యం కడిగిన నీళ్ళలా విరేచనం అవుతుంది. జబ్బు తీవ్రంగా ఉంటే గంటకు లీటరు దాకా కూడా పోవచ్చు. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి ప్రాణం మీదికి తెచ్చుకోవడం అందువల్లనే.

అయితే ఆ విషం పాడు చేయలేని దారి ఒకటి పేగులో మిగిలి ఉంటుంది. గ్లూకోజు, ఉప్పు రెండూ కలిసి వస్తే లోపలికి తీసుకునే దారి అది. ఉప్పు ఒక్కటే వస్తే ఆ తలుపు తెరుచుకోదు, పంచదార ఒక్కటే వచ్చినా తెరుచుకోదు. రెండూ జంటగా వస్తే తెరుచుకుంటుంది, వాటి వెంట నీళ్ళు కూడా లోపలికి వెళతాయి. ఓ.ఆర్.ఎస్. అంటే ఇంతే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో లక్షలాది కాందిశీకులు బెంగాల్‌కు వచ్చినప్పుడు, బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ గారు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళను డ్రమ్ములలో పెట్టించి, పేషెంట్ల బంధువుల చేతనే తాగించారు. అంతకుముందు నూటికి 30 మంది దాకా చనిపోతుండగా, మరణాలు నూటికి 4 కన్నా తక్కువకు దిగాయి. అక్కడ తాగించినవారు డాక్టర్లూ నర్సులూ కారు. మీలాంటి తల్లులు, అన్నదమ్ములు, భర్తలు.

కలపడంలోనే పొరపాట్లు జరుగుతున్నాయి. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీటికి సరిపోతుంది. లీటరు మంచినీళ్ళ సీసా కొలతకు పనికివస్తుంది. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి వేయాలి. ఒక గ్లాసు నీళ్ళలో మొత్తం ప్యాకెట్టు కలిపితే ఉప్పు ఎక్కువై, చిన్నపిల్లలకు ప్రమాదం కూడా కావచ్చు. సగం పొడి దాచి సగం కలపడం వల్ల కొలత తప్పుతుంది. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. ప్యాకెట్టు మీద రాసిన నీటి కొలత తప్పక చూడండి. మరిగించి చల్లార్చిన నీళ్ళు వాడండి, మూత పెట్టండి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోసి కొత్తది కలపండి. కలిపిన తర్వాత మళ్ళీ కాచవద్దు, రుచి కోసం ఇంకా పంచదార వేయవద్దు.

ప్యాకెట్టు దొరకని రాత్రి, లీటరు నీళ్ళలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు వేసి కరిగించండి. చెంచా మీద గోపురంలా కాక సమంగా గీసి కొలవాలి. ఉప్పు విషయంలో చేతి అంచనా నమ్మవద్దు. ఇది తెల్లవారేదాకా గడవడానికే. పొద్దున్నే ప్యాకెట్టు తెచ్చుకోండి. ఆశా వర్కరు దగ్గర, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు.

ఎంత తాగించాలి? రెండేళ్ళ లోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ పావు గ్లాసు నుండి అర గ్లాసు. అంతకు పెద్ద పిల్లలకు అర గ్లాసు నుండి గ్లాసు. పెద్దవారికి తాగగలిగినంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచాతో కొంచెం కొంచెంగా మొదలుపెట్టండి. "పోసిందంతా కక్కుతున్నడు" అని మానేయవద్దు. కక్కినదానిలో కూడా కొంత లోపలే మిగులుతుంది. చెంచాతో గంటసేపు పోయడం విసుగు పుట్టించే పనే. ఒకరు అలసిపోతే ఇంకొకరు కూర్చోండి. ఇంటివారు పెట్టే ఆ ఓపికకు సమానమైన మందు మా దగ్గర లేదు.

మెడికల్ షాపులో రంగురంగుల డబ్బాలలో దొరికే తీపి పానీయాల సంగతి కూడా చెప్పాలి. వాటి పేర్లలో ఓ.ఆర్.ఎస్. అని ఉండడం చూసి తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి మోసపోయారు. వాటిలో పంచదార చాలా ఎక్కువ, ఉప్పు చాలా తక్కువ. పేగులో పంచదార ఎక్కువైతే అది ఒంట్లోని నీటిని తనవైపు లాగి విరేచనాలను పెంచుతుంది. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు చాలా కాలం పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ, ఇటువంటి పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అన్న మాట వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందా అని చూసి తీసుకోండి. కూల్ డ్రింకు, గ్లూకోజు పొడి, డబ్బా పళ్ళరసం ఏవీ ఓ.ఆర్.ఎస్.కు బదులు కావు.

ఇక బాటిల్ సంగతి. ఊళ్ళలో మంచం కోడుకో దూలానికో కట్టి ఎక్కించే గ్లూకోజు బాటిల్‌లో ఏముంటుందో తెలుసా? అరలీటరు సీసాలో 25 గ్రాముల గ్లూకోజు, మిగతాది నీళ్ళు. ఉప్పు లేదు. సుమారు ఐదు టీచెంచాల తీపి కోసం సూది పోటు, వందల రూపాయల ఖర్చు. మేము సీసా పెట్టేది మనిషి తాగలేనప్పుడు, స్పృహ మందగించినప్పుడు, వాంతులు ఆగనప్పుడు, నాడి బలహీనపడినప్పుడు. అప్పుడు కూడా ఉప్పులు కలిసిన ద్రవం పెడతాము, లేచి తాగగలిగిన వెంటనే నోటి ద్వారా ఇవ్వమంటాము. మీ మనిషికి బాటిల్ పెట్టలేదంటే నిర్లక్ష్యం చేస్తున్నామని అనుకోకండి. తాగగలుగుతున్నాడని అర్థం.

పస్తు పెట్టవద్దు

లంఖణం పరమౌషధం అన్న మాట విరేచనాలకు పనికిరాదు. పేగు గోడ మళ్ళీ బాగుపడాలంటే దానికి తిండి కావాలి. చంటిపిల్లకు తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకండి, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. పెద్దవారికి మెత్తటి అన్నంలో పెరుగు, పెసరపప్పు కట్టు, ఇడ్లీ, అరటిపండు, గంజి, జావ ఏదైనా కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టండి. కారం, నూనె వేపుళ్ళు తగ్గిస్తే చాలు. పిల్లలకు ఓ.ఆర్.ఎస్.తో పాటు జింకు మాత్ర 14 రోజులు ఇవ్వాలి. రెండు నుండి ఆరు నెలల లోపు వారికి రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటినవారికి 20. చెంచాడు నీళ్ళలోనో తల్లిపాలలోనో కరిగించి పోయండి. విరేచనాలు రెండో రోజే కట్టాయని మాత్ర మానేయకండి. మిగతా రోజుల మాత్రలు పేగుకు బలం ఇచ్చి, ఆ తర్వాత రెండు మూడు నెలలు మళ్ళీ విరేచనాలు పట్టుకోకుండా కాపాడతాయి.

పండ్లు వచ్చేటప్పుడు విరేచనాలు మామూలే, దిష్టి తగిలింది అని ఊరుకోవడం మాత్రం వద్దు. పండ్లు వచ్చే వయసులో పిల్లలు నేల మీద దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు. క్రిములు లోపలికి పోయేది అలా.

మందు ఎప్పుడు కావాలి, ఎప్పుడు వద్దు

విందు భోజనం చేసిన రెండు మూడు గంటల్లోనే పది మందికి ఒకేసారి వాంతులు మొదలైతే, అది చాలావరకు తిండిలో ముందే తయారై ఉన్న విషం పని. వండిన మాంసమో, పాల మిఠాయో, అన్నమో గంటల తరబడి వెచ్చగా ఉండిపోతే అందులో కొన్ని బాక్టీరియా పెరిగి విషం వదులుతాయి. మళ్ళీ వేడి చేస్తే క్రిములు చస్తాయేమో గాని ఆ విషాలలో కొన్ని చావవు. ఇవి చాలావరకు ఒక రోజులో తగ్గిపోతాయి. నీళ్ళు, ఉప్పు అందిస్తే చాలు. మర్నాడో ఎల్లుండో జ్వరంతో, కడుపు నొప్పితో మొదలైతే సాల్మొనెల్లా వంటివి కారణం కావచ్చు. పచ్చి కోడిమాంసం కోసిన కత్తితో, పీట మీద ఉల్లిగడ్డ, కీరా కోయడం మన వంటిళ్ళలో మామూలుగా జరిగే తప్పు.

జిగటగా, రక్తం కలిసి, కడుపు మెలిపెడుతూ, మాటిమాటికీ కొద్దికొద్దిగా విరేచనం అవుతుంటే అది వేరు. షిగెల్లా పేగు గోడను పుండ్లు చేస్తుంది. దీనికి డాక్టరు చూసి యాంటీబయాటిక్ ఇవ్వాలి. విరేచనాలు బిగగట్టే మాత్ర ఇందులో వేయకూడదు, చిన్నపిల్లలకైతే ఎందులోనూ వేయకూడదు. కదలిక ఆగిన పేగులో క్రిమి, విషం నిలిచిపోతాయి, కడుపు ఉబ్బుతుంది.

మామూలు నీళ్ళ విరేచనాలకు మాత్రం యాంటీబయాటిక్ చాలాసార్లు అక్కర లేదు. చిన్నపిల్లల్లో వచ్చేవి ఎన్నో వైరసువి, రోటా వైరసు అటువంటిదే. వైరసు మీద ఈ మందులు పని చేయవు. దానికి 6, 10, 14 వారాలకు ప్రభుత్వ టీకాలలో ఉచితంగా వేసే చుక్కలు ఉన్నాయి, తప్పక వేయించండి. అనవసరంగా మందు వేస్తే మొదట చచ్చేది నేను పైన చెప్పిన కాపలా బాక్టీరియా. అందుకే కొందరికి యాంటీబయాటిక్ వల్లనే విరేచనాలు పట్టుకుంటాయి.

యాంటీబయాటిక్‌లంటే నాకు చులకన అనుకోకండి. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టకుండా విరేచనాలతో కృశింపజేసే జబ్బు అది. ఆయనకూ వచ్చి తగ్గింది. తర్వాత అమెరికా వెళ్ళి, లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందాలు 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేశాయి, 1948లో ఆరియోమైసిన్‌ను లోకానికి ఇచ్చాయి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటి మందు. ఆయన అన్నదమ్ములను మింగిన స్ప్రూకు తర్వాతి కాలంలో డాక్టర్లు వాడినవి ఈ రెండు రకాల మందులే. కలరాకు నేటికీ ఆ కుటుంబంలోని డాక్సీసైక్లిన్ ఇస్తున్నారు. ఇంత కష్టపడి సంపాదించిన మందులను జలుబుకు, మామూలు విరేచనాలకు రెండేసి మాత్రలు మింగి పాడు చేసుకోవద్దనే నా మనవి.

టైఫాయిడ్ – ఇంటివారికి కావలసింది ఓపిక

టైఫాయిడ్ కూడా కడుపులో నుండి వచ్చేదే గాని నడక వేరు. క్రిమి పేగు గోడ దాటి రక్తంలోకి పోతుంది. లోపలికి వెళ్ళిన ఒకటి నుండి మూడు వారాలకు జ్వరం మొదలై, రోజు రోజుకూ పెరుగుతుంది. తలనొప్పి, ఆకలి లేకపోవడం, నాలుక మీద తెల్లటి పూత, కడుపులో బరువు. కొందరికి విరేచనాలు, కొందరికి మలబద్ధకం. కాబట్టి "మోషన్స్ లేవు కదా, టైఫాయిడ్ కాదు" అనుకోవద్దు. మూడు రోజులు దాటిన జ్వరానికి సొంత వైద్యం ఆపి పరీక్ష చేయించాలి.

పరీక్ష అంటే చాలామందికి విడాల్ ఒక్కటే తెలుసు. చీటీ మీద 1:160, 1:320 అని అంకెలు చూసి గుండె బాదుకుంటారు. పాత టైఫాయిడ్ వల్ల, టీకా వల్ల, వేరే జ్వరాల వల్ల కూడా ఆ అంకెలు కనిపించవచ్చు. జబ్బు తగ్గాక కూడా చాలా నెలలు ఉండవచ్చు. "పాయింట్లు ఇంకా దిగలేదు" అని నెల నెలా పరీక్ష చేయించి, నెల నెలా ఇంజెక్షన్లు తీసుకునేవారు మన ప్రాంతంలో ఎందరో. జ్వరం లేని మనిషికి అంకెలకు వైద్యం చేయవలసిన పని లేదు. నమ్మకమైన పరీక్ష బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం తీస్తే క్రిమి దొరికే అవకాశం ఎక్కువ, దాని మీద ఏ మందు పని చేస్తుందో కూడా తెలుస్తుంది. రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. అందుకే డాక్టరుగారు ముందు రక్తం తీయించి, ఆ తర్వాత మందు మొదలుపెడతారు.

ఇప్పుడు అసలు కష్టం. సరైన మందు పడిన తర్వాత కూడా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. మూడో రోజుకే "ఈ దవాఖానల తగ్గుతలేదు" అని పేరు కొట్టించుకుని వేరే చోటికి తీసుకుపోతారు. అక్కడ మందు మారుతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. అడగండి, డాక్టరుగారితో మాట్లాడండి, కల్చర్ రిపోర్టు ఏమైందని వెంటపడండి. అది మీ హక్కు. మందు మధ్యలో విడిచి పోవడం మాత్రం వద్దు. జ్వరం తగ్గాక కూడా చీటీలో రాసినన్ని రోజులూ మాత్రలు వేయించండి. మధ్యలో ఆపితే తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

మందులు మొండికేస్తే ఏమవుతుందో చూడాలంటే సింధులో మన హైదరాబాద్ పేరే ఉన్న పట్టణం సంగతి వినండి. 2016 చివర్లో అక్కడ మొదలైన టైఫాయిడ్‌కు మామూలుగా వాడే మందులన్నీ విఫలమై, మాత్రల రూపంలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. మన దేశంలో కూడా ఒకప్పుడు బాగా పని చేసిన సిప్రోఫ్లాక్సాసిన్ ఇప్పుడు చాలామందిలో పని చేయడం లేదు. సింధులోని పిల్లలకు వేసిన టీకా మాత్రం మన హైదరాబాద్ నుండి వెళ్ళింది. భారత్ బయోటెక్ తయారు చేసిన ఆ టైఫాయిడ్ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ఆమోదించింది. ఆరు నెలలు దాటిన పిల్లలకు ఒక్క డోసు వేయించవచ్చు. పిల్లల డాక్టరును అడగండి.

టైఫాయిడ్‌లో తిండి గురించి: బ్రెడ్డు, పాలతోనే మూడు వారాలు నెట్టుకురావడం వల్ల మనిషి పుల్లలా తయారవుతాడు. మెత్తటి అన్నం, పప్పు, ఉడికించిన గుడ్డు, పెరుగు అన్నీ పెట్టవచ్చు. మలబద్ధకం ఉందని ఆముదం పట్టించవద్దు, విరేచనం మందు వేయవద్దు, కడుపు రుద్దవద్దు. రెండు, మూడు వారాలలో పేగు గోడ పుండు పడి పలచనై ఉంటుంది. ఆ రోజుల్లో హఠాత్తుగా కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చి పొట్ట పలకలా గట్టిపడినా, మలం నల్లగా తారులా వచ్చినా అర్ధరాత్రి అయినా నర్సును పిలవండి. పేగుకు చిల్లు పడితే ఆపరేషన్ తప్ప వేరే దారి లేదు, ప్రతి గంటా ముఖ్యమే.

జబ్బు తగ్గిన కొందరిలో క్రిమి పిత్తాశయంలో దాక్కుని మలంలో వస్తూనే ఉంటుంది. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి, తనకు ఏ జబ్బూ లేకుండానే డజన్ల మందికి టైఫాయిడ్ అంటించింది. 1915 నుండి 1938లో చనిపోయేదాకా ఆమెను విడిగా ఉంచారు. మీ ఇంట్లో టైఫాయిడ్ వచ్చి తగ్గినవారు హాస్టలులోనో హోటల్లోనో వంట చేసేవారైతే, పనిలోకి వెళ్ళే ముందు డాక్టరుకు ఆ మాట చెప్పండి.

వార్డులోనూ ఇంట్లోనూ

పేషెంటు మిగిల్చిన అన్నం పారేయడం ఇష్టం లేక తల్లులు అదే గిన్నెలో తింటారు. వద్దు. పేషెంటుకు గిన్నె, గ్లాసు విడిగా పెట్టండి. బెడ్‌పాన్ తీసిన తర్వాత, పసివాళ్ళ గుడ్డలు మార్చిన తర్వాత, అన్నం కలిపే ముందు సబ్బుతో చేతులు రుద్ది కడగండి. శానిటైజరు మురికి చేతుల మీద సరిగ్గా పని చేయదు, అది సబ్బుకు బదులు కాదు. చంటిపిల్ల మలంలో దోషం లేదనుకుని ఆ నీళ్ళు చెట్టు మొదట్లో పోయడం కూడా తప్పే. మరుగుదొడ్డిలోనే పోయండి. విరేచనం అంటిన బట్టలు బావి దగ్గర, చేతిపంపు దగ్గర ఉతకవద్దు. విడిగా బ్లీచింగ్ నీళ్ళలోనో వేడినీళ్ళలోనో నానబెట్టి, ఎండలో ఆరవేయండి.

తాగే నీళ్ళు సలసల మరగనిచ్చి, అలా ఒక నిమిషం ఉంచి దింపండి. గోరువెచ్చగా అయితే చాలదు. మరిగించినవి మూత ఉన్న గిన్నెలోనే చల్లార్చి, కాడ ఉన్న ముంతతో తీసుకోండి. నల్లా దగ్గర శుభ్రంగా ఉన్న నీళ్ళు ఇంట్లో బిందెలో చేయి ముంచడం వల్ల పాడవడం రోజూ చూస్తున్నదే.

ఎప్పుడు పరుగున రావాలి

కళ్ళు లోపలికి పోవడం, నోరు ఎండిపోవడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, పిల్ల మాడు గుంట పడడం, పొట్ట మీద చర్మాన్ని వేళ్ళతో పట్టి వదిలితే ముడత నెమ్మదిగా సర్దుకోవడం – ఇవి నీళ్ళు బాగా తగ్గిన గుర్తులు. మత్తుగా పడుకుని లేపినా లేవకపోతే, తాగలేకపోతే, వాంతులు ఆగకపోతే, విరేచనంలో రక్తం ఉంటే, బియ్యం కడిగిన నీళ్ళలా ధారగా పోతుంటే ఇక ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోవద్దు. ఆరు నెలల లోపు పసిబిడ్డలు, గర్భిణులు, ముసలివారు, షుగరు ఉన్నవారి విషయంలో ఇంకా ముందే బయలుదేరండి. షుగరు ఉన్నవారికి ఓ.ఆర్.ఎస్. ఇవ్వవచ్చా అని అడుగుతారు. నీళ్ళు పోతున్నప్పుడు ఇవ్వాలి, వారి మాత్రల సంగతి డాక్టరు చూసుకుంటారు. ఒకే వాడలో ఒకే రోజు నలుగురైదుగురికి విరేచనాలు పట్టుకుంటే ఆశా వర్కరుకో ఆరోగ్య కేంద్రానికో వెంటనే చెప్పండి. ఆ నీళ్ళను పరీక్షించవలసి ఉంటుంది.

బండి దొరకకపోతే 108కు ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు అంతకుముందు వేసిన మాత్రల ఖాళీ అట్టలు, ఇంజెక్షన్ చీటీలు, పాత రిపోర్టులు సంచిలో వేసుకోండి. పేరు తెలియని "ఎర్ర మాత్ర, తెల్ల మాత్ర" వల్ల మాకు అరగంట పోతుంది. ఎన్నిసార్లు విరేచనం అయింది, చివరిసారి మూత్రం ఎప్పుడు వచ్చింది, ఈ రెండూ గుర్తుపెట్టుకుని చెప్పండి. సీసాలో ఓ.ఆర్.ఎస్. కలుపుకుని, మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే ఊరి నుండి ఆస్పత్రి గేటు దాకా దారి పొడుగునా చెంచాతో పోస్తూనే రండి.